నడుం పట్టేసి ఇంట్లో ఉన్నప్పుడు ఏ కాలక్షేపం మేలు, ఏది చేటు

నడుం పట్టేసి మంచం మీదున్నవాళ్లని చూడ్డానికి వచ్చే ప్రతివాళ్లూ ఒకే మాట చెబుతారు. "ఇంతకంటే రెస్టు మళ్లీ దొరకదు, హాయిగా పడుకుని సినిమాలు చూసుకో" అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నడుము దెబ్బ తగిలినప్పుడు పొద్దు గడవకపోవడం ఎంత ఇబ్బందో, మరీ తేలిగ్గా గడిచిపోవడం అంతకు మించిన ఇబ్బంది. వెబ్ సిరీస్ ఆరు ఎపిసోడ్లు వరసగా చూసేసి బాత్రూంకి లేవబోయినవాళ్లని అడగండి, చెబుతారు.

అందుకే ఏది ఎక్కువ సరదా అన్న లెక్క ఇక్కడ పక్కన పెట్టాను. చూసింది రెండే విషయాలు. దాన్ని ఏ భంగిమలో చేయొచ్చు? అరగంటకోసారి మనసు పీకకుండా వదిలేసి లేవగలమా? ఈ రెండో ప్రశ్న దగ్గరే చాలా మంచి కాలక్షేపాలు కూడా తేలిపోతాయి.

లేవడానికి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఒకప్పుడు డాక్టర్లే వారాల తరబడి మంచం దిగొద్దనేవారు. 1986లో అమెరికాలో రెండు రోజులు పడుకోమన్నవాళ్లనీ, వారం పడుకోమన్నవాళ్లనీ పోల్చి చూశారు. కోలుకోవడంలో తేడా లేదు, వారం వాళ్లకి పనిదినాలు ఎక్కువ పోయాయంతే. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో ఇంకో అడుగు ముందుకేశారు. రెండు రోజులు పడుకున్నవాళ్ల కన్నా, ప్రత్యేకంగా నడుం వ్యాయామాలు చేసినవాళ్ల కన్నా, నొప్పి ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకుంటూ తిరిగినవాళ్లే త్వరగా తేరుకున్నారు. ఇదంతా కండరం పట్టేయడం లాంటి మామూలు నడుం నొప్పి సంగతి. ఎముక విరిగినా, ఆపరేషన్ అయినా లెక్క వేరు, అక్కడ సర్జన్ చెప్పిందే వేదం. కాలు బలం తగ్గినా, పాదం పైకి లేవక జారిపోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా కాలక్షేపం గురించి చదువుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మొదటి రెండు మూడు రోజులు

ఈ రోజుల్లో కళ్లకి కాదు, చెవులకి పని చెప్పండి. ఏ పక్కకి ఒత్తిగిల్లితే నొప్పి తగ్గుతుందో వెతుక్కుంటూ నిమిషానికో భంగిమ మారుస్తుంటాం కాబట్టి చేతిలో పుస్తకమైనా, ఫోనైనా నిలవదు. పైగా కండరాల బిగువు తగ్గించే మాత్రలు, నరాల నొప్పికిచ్చే ప్రీగాబాలిన్ లాంటివి మత్తుగా ఉంచుతాయి. చదివిన పేజీయే మళ్లీ చదువుతుంటాం. వినేదైతే మధ్యలో నిద్రపట్టినా పోయేదేమీ లేదు.

వినేవాటిలో నా ఓటు రేడియోకే. ఆకాశవాణి స్టేషన్లు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఉచితంగా వస్తాయి. ఆడియో పుస్తకంలో కథ ఎక్కడ వదిలేశామో గుర్తుపెట్టుకోవాలి, నిద్రపోతే వెనక్కి తిప్పుకోవాలి. రేడియోకి ఆ టెన్షన్ లేదు. వార్తలయ్యాక పాటలు, పాటలయ్యాక వ్యవసాయ కార్యక్రమం, దానికదే సాగిపోతుంది. ఒక కార్యక్రమం అయిపోగానే లేచి నాలుగడుగులు వేయడానికి గడియారం చూడక్కర్లేదు కూడా. ఆడియో పుస్తకాలు, పాడ్‌కాస్టులు మత్తు తగ్గిన రోజులకి దాచుకోండి. నడిచేటప్పుడు అవే బాగుంటాయి.

లేవడం అంటే వెల్లకిలా పడుకున్నవాళ్లు అమాంతం లేచి కూర్చోవడం కాదు. మోకాళ్లు మడిచి, భుజం, తుంటి కలిపి ఒకేసారి పక్కకి ఒత్తిగిలి, కాళ్లు మంచం అంచు నుంచి దించుతూ, అదే సమయంలో చేత్తో పరుపుని నెట్టుకుంటూ లేవాలి. రోజుకి పాతికసార్లు చేసే పని, సరిగ్గా చేయడం అలవాటైతే సగం బాధ తగ్గుతుంది.

పుస్తకమా, ఫోనా

పడుకుని చదవడానికి అట్టబైండు పుస్తకం అంత పనికిరానిది ఇంకోటి లేదు. అయిదారు వందల పేజీల నవలని ముఖం మీద ఎత్తి పట్టుకుంటే పది నిమిషాలకి చేతులు లాగుతాయి, చేతులు లాగితే మెడ బిగుస్తుంది, మెడ బిగిస్తే వీపంతా బిగుస్తుంది. వారపత్రికలు నయం, మడిచి ఒక చేత్తో పట్టుకోవచ్చు. ఫోను తేలికే గానీ అక్షరాలు చిన్నవి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాలు బోలెడున్నాయి, అయితే అవి స్కాన్ చేసిన పేజీలు కాబట్టి ఫోన్లో ప్రతి వాక్యానికీ రెండు వేళ్లతో సాగదీయాలి. వాటికి టాబ్ ఉండాల్సిందే. కిండిల్ లాంటి చదువుడు పరికరం ఇంట్లో ఉంటే అన్నిటికన్నా అదే మేలు. ఫోనంత బరువే, అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు. ఇదే పనికి కొత్తది కొనమని మాత్రం చెప్పను.

డబ్బులు పెట్టదలచుకుంటే ముందు మంచానికి బిగించే వంగే మెడ ఉన్న మొబైల్ స్టాండ్ కొనండి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే వస్తుంది. చేతులు ఖాళీ అవుతాయి, ఫోను ముక్కు మీద పడదు. పట్టకాలతో చేసిన కళ్లజోళ్లు కూడా అమ్ముతున్నారు. వెల్లకిలా పడుకుని నేరుగా పైకి చూస్తుంటే కాళ్ల దగ్గరున్న టీవీయో, పొట్ట మీది పుస్తకమో కనిపిస్తుంది. చూసేవాళ్లకి నవ్వొస్తుంది గానీ తల ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పినవాళ్లకి నిజంగా పనికొస్తుంది.

బోర్లా పడుకుని మోచేతుల మీద లేచి చదవడం అందరికీ కాదు. డిస్క్ జారినవాళ్లలో చాలామందికి ఆ భంగిమ హాయినిస్తుంది. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ 1956లో ఒక రోగిని బల్ల మీద బోర్లా పడుకోమన్నాడు. ఆ బల్ల తల వైపు పైకెత్తి ఉందని ఎవరూ చూసుకోలేదు. నడుము వెనక్కి వంగినట్టు కాసేపు అలాగే పడుకున్న ఆ మనిషి, లేచాక వారాలుగా లేనంత హాయిగా ఉందన్నాడట. మెకంజీ పద్ధతి మొత్తం అక్కడి నుంచే పుట్టింది. అయితే వెన్ను కాలువ ఇరుకైన పెద్ద వయసువాళ్లకి ఇదే భంగిమ నొప్పి పెంచుతుంది. నొప్పి కాలు నుంచి నడుము వైపుకి వెనక్కి వస్తుంటే మంచిది, కాలి కిందికి పాకుతుంటే వెంటనే మానేయాలి. ముందుగా మీ ఫిజియోని అడగడం మంచిది.

ఎక్కడ కూర్చోవాలి

కాస్త కూర్చోగలిగాక ఇంట్లో అందరికన్నా ముందు పడక్కుర్చీ గుర్తొస్తుంది. దాని జోలికి పోకండి. గుడ్డలో నడుము గుండ్రంగా వంగిపోతుంది, లేవాలంటే ఇద్దరు పట్టుకుని లాగాలి. మెత్తటి సోఫా, కుంగిన నవారు మంచం కూడా అదే జాతి. చేతులున్న మామూలు చెక్క కుర్చీ, నడుం వంపు దగ్గర చుట్టిన తువ్వాలు, పాదాలు నేలకి ఆని ఉండటం. ఇంతే కావలసింది. అలాగని బల్ల మీద పడుకుంటేనే నయమవుతుందన్న మాట కూడా నిజం కాదు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్పెయిన్ అధ్యయనంలో మరీ గట్టి పరుపు కన్నా ఓ మాదిరి గట్టి పరుపు మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది.

కూర్చోవడం కన్నా మంచి చోటు ఇంకోటుంది, వంటింటి గట్టు. నిలబడి చేసే పనులకి దాదాపు సరైన ఎత్తు. వార్తాపత్రికలో పదవినోదం నింపడం, జిగ్‌సా పజిల్ పేర్చడం, ఉత్తరాలూ బిల్లులూ సర్దుకోవడం అక్కడ నిలబడి చేసుకోవచ్చు. ఒక కాలు చిన్న పీట మీద పెట్టి కాసేపటికోసారి కాలు మార్చుకుంటుంటే ఇంకా తేలిక. వంట చేసేవాళ్లకి అడ్డం వస్తారు, ఆ గొడవ మీరూ మీరూ చూసుకోవాలి.

తెర ముందు

ఓటీటీ కన్నా టీవీ సీరియల్ నడుముకి మంచిది. నవ్వకండి. సీరియల్ అరగంటలో అయిపోతుంది, మధ్యలో ప్రకటనలొస్తాయి, రేపటిదాకా ఆగక తప్పదు. ఓటీటీలో ఒక ఎపిసోడ్ అయిపోగానే తర్వాతది దానంతటదే మొదలవుతుంది, ఆ పని నడుం నొప్పివాళ్లకి శత్రువు. సెట్టింగుల్లో ఆటోప్లే ఆపేస్తే ఓటీటీ కూడా దారికొస్తుంది. తెలుగు సినిమాలో ఇంటర్వెల్ దాకా గంటకి పైనే అవుతుంది కాబట్టి సినిమాని మూడు నాలుగు ముక్కలు చేసుకుని రెండు రోజులు చూడండి. సస్పెన్స్ సినిమా అయితే అది కుదిరే పని కాదు, దాన్ని బాగయ్యాక చూద్దురుగాని.

క్రికెట్ ఇష్టమున్నవాళ్ల అదృష్టమే వేరు. టెస్ట్ మ్యాచ్ నడుము కోసమే కనిపెట్టారా అనిపిస్తుంది. రెండేసి గంటల మూడు సెషన్లు, ఒక్కో సెషన్ మధ్యలో డ్రింక్స్, నలభై నిమిషాల లంచ్, ఇరవై నిమిషాల టీ. ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య లేచి నిలబడినా పోయేదేం లేదు, ఎవరైనా అవుటైతే రీప్లే ఎలాగూ వేస్తారు. అయిదు రోజులు పొద్దుపోతుంది. ఐపీఎల్ అంత తీరుబడి ఇవ్వదు గానీ ఇన్నింగ్స్‌కి రెండు చొప్పున రెండున్నర నిమిషాల స్ట్రాటజిక్ టైమౌట్లు ఉంటాయి. వాళ్లు వ్యూహం మాట్లాడుకునేలోపు మీరు హాల్లో రెండు చుట్లు తిరిగి రావచ్చు. ఆఖరి ఓవర్లో మాత్రం ఎవరూ లేవరు, ఆ సంగతి నాకూ తెలుసు.

ఆటలు: నేల మీదివి బల్ల మీదికి

మన ఆటలన్నీ నేల మీదివి. బాసింపట్టు వేసుకుని ముందుకి వంగి ఆడేవి. నడుముకి అంతకన్నా చేటు లేదు. అలాగని అష్టాచెమ్మా మానేయక్కర్లేదు. సుద్దముక్కతో నేల మీద గీసే అయిదు గళ్ల పటాన్ని అట్ట మీద గీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టండి. నాలుగు గవ్వలు, పిల్లలెవరైనా ఒకరు చాలు. వామనగుంటల చెక్కపెట్టె పాతసామాన్లలో ఉంటే దించమని చెప్పండి, మీరు అటక ఎక్కకండి. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, చింతపిక్కలు. ఒక ఆట చాలాసేపు సాగుతుంది, కానీ ఎవరి వంతు అయ్యాక వాళ్లు లేచి నిలబడొచ్చు. ఇద్దరికీ బుర్ర పెట్టే ఆట కావాలంటే పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు, గీసుకోవడానికి ఒక కాగితం. మేకల పక్షం తీసుకోండి, ఎక్కువసేపు ఆలోచించాల్సి వస్తుంది.

క్యారమ్స్ మాత్రం వద్దంటే వద్దు. బల్ల మీద పెట్టినా, కూర్చుని ఆడినా, దూరం మూల కాయని కొట్టడానికి ఒక పక్కకి మెలి తిరిగి సాగాల్సిందే. మెలి తిరిగి వంగడం అనేది నడుం పట్టేసినవాళ్లు చేయకూడని పనుల్లో మొదటిది.

ఫోన్లో ఆటలంటే చదరంగం బాగుంటుంది. లిచెస్ అనే చదరంగం యాప్‌లో ప్రకటనలు లేవు, ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు. ఎత్తుకి ఒక రోజో మూడు రోజులో గడువుండే ఆటలు ఎంచుకోండి. పొద్దున ఒక ఎత్తు వేసి, ఆలోచిస్తూ నడిచి, సాయంత్రం ఇంకోటి వేస్తారు. మూడు నిమిషాల బ్లిట్జ్ ఆడేవాళ్లు "ఇదొక్కటే" అంటూ గంటలు గడిపేస్తారు, దాంతో ఓటీటీ కథ మళ్లీ మొదటికొస్తుంది.

చేతిలో ఫోను, ఎదురుగా ఖాళీ రోజు, నొప్పి వల్ల చిరాకు, ఈ మూడూ కలిసినచోట డబ్బు పోగొట్టుకోవడం చాలా సులువు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. చట్టం ఉన్నా లింకులు వస్తూనే ఉంటాయి. ఇంకొందరు "ఎలాగూ ఖాళీనే కదా" అని షేర్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగ్ మొదలుపెడతారు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీసి షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ చెప్పింది: ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్లంతా మందుల మత్తులో లేనివాళ్లే. పేకాట కావాలంటే ఇంట్లో వాళ్లతో చింతపిక్కలు పందెం పెట్టి ఆడుకోండి.

చేతిపనులు

మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో 1925లో బస్సు ప్రమాదంలో వెన్ను విరిగి నెలల తరబడి మంచం మీద ఉండిపోయింది. బొమ్మలు వేయడం అక్కడే పట్టుబడింది. ఈ కథని మనోధైర్యానికి ఉదాహరణగా చెబుతుంటారు. నాకు మాత్రం వాళ్లమ్మ చేసిన పని గొప్పగా అనిపిస్తుంది. పడుకునే వేసుకునేలా మంచానికి తగ్గ ఈజెల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) చేయించింది, తన ముఖం తను చూసుకుంటూ గీసుకునేలా పైన అద్దం పెట్టించింది. కూతుర్ని పని దగ్గరకి లేపకుండా పనినే కూతురి దగ్గరకి తెచ్చింది. ఇంట్లో నడుం నొప్పివాళ్లుంటే మిగతావాళ్లు చేయాల్సిన సాయం ఇదే. సరంజామా అంతా చేతి ఎత్తుకి తెచ్చిపెట్టాలి.

కుట్టుమిషన్ అప్పుడే వద్దు, పెడల్ తొక్కుతూ ముందుకి వంగాలి. చేత్తో అల్లే క్రోషా నయం. మునివేళ్లు ఆడతాయి, నడుము ఆడదు, ఏ కుట్టు దగ్గరైనా ఆపేయొచ్చు. అల్లికని ఒళ్లో పెట్టుకుంటే మెడ వంగుతుంది కాబట్టి ఒళ్లో రెండు దిళ్లు పెట్టి వాటి మీద చేతులు ఆనించండి. కార్తీక మాసం దగ్గరపడుతుంటే వత్తులు చేయడం కన్నా మంచి పని ఉండదు. పత్తి, కాస్త విభూతి, వినడానికి రేడియో ఉంటే చాలు. పూలు కట్టడమూ అంతే. కూరలు తరగడంలో సాయం చేస్తామంటే చాకుతో, కుర్చీలో కూర్చుని చేయండి, కత్తిపీట ముందు మాత్రం కూర్చోకండి. మొక్కలకి నీళ్లు పోయడం చిన్న పనిలా కనపడుతుంది గానీ నిండు బకెట్ పది పదిహేను కిలోలుంటుంది. చెంబుతో, ఒక్కో మొక్కకీ ఒక్కో నడకగా అయితే సరే.

కొంచెం చదువు, ఓపిక ఉన్నవాళ్లకి నేను అన్నిటికన్నా ముందు చెప్పేది తెలుగు వికీసోర్స్. పాత పుస్తకాల స్కాన్ పేజీ ఒక పక్క, యంత్రం చదివి ఇచ్చిన పాఠం ఒక పక్క కనిపిస్తాయి. యంత్రానికి మన ఒత్తులతో పేచీ, ‘వ’కీ ‘ప’కీ తేడా తెలియదు, పాతకాలపు బండిఱ కనపడితే తికమకపడుతుంది. వాటిని దిద్దడమే పని. దిద్దని పేజీ ఎర్రగా ఉంటుంది, మీరు దిద్దితే పసుపు రంగుకి మారుతుంది, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. మన రెండు ప్రశ్నలకీ దీనికి పూర్తి మార్కులు. లాప్‌టాప్‌ని వంటింటి గట్టు మీద బియ్యం డబ్బా ఎక్కించి నిలబడి చేయొచ్చు. పేజీ అయిపోయిందంటే ఆపడానికి చక్కటి చోటు దొరికినట్టే. పేజీకో పది నిమిషాలు, ఆ తర్వాత వరండా చివరిదాకా నడక. ఫోన్లో చేయడం మాత్రం కష్టం.

ఎవరికి ఏది

ఇంట్లో నలుగురుండి, పెద్ద వయసువాళ్లయితే రేడియో, బల్ల మీది ఆటలు, వత్తులు. వాళ్లకి ఫోను స్టాండు కొనిచ్చే బదులు మనవడిని పక్కన కూర్చోబెట్టి పాత ఊరి సంగతులు రికార్డు చేయించండి. చెబుతున్నంతసేపూ నొప్పి మాట ఎత్తరు.

ఐటీ ఉద్యోగులకి నా సలహా కాస్త కటువుగా ఉంటుంది. మంచం మీద లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని "కాస్త మెయిల్స్ చూస్తా" అన్నది కాలక్షేపం కాదు, దెబ్బని పెంచుకోవడం. సిక్ లీవ్ తీసుకుంటే పూర్తిగా తీసుకోండి. కోర్సులు చేయాలనిపిస్తే స్వయం పోర్టల్‌లో ప్రభుత్వ కోర్సులున్నాయి. వీడియో పాఠాలే కాబట్టి నడుస్తూ వినొచ్చు, పరీక్ష ఫీజు కడితేనే సర్టిఫికెట్టు.

చిన్నపిల్లల తల్లులకి ఈ జాబితా అంతా ఎగతాళిగా అనిపించొచ్చు, వాళ్లకి కావలసింది కాలక్షేపం కాదు, పిల్లల్ని ఎత్తుకోకుండా గడిచే దారి. పిల్లలే మంచం ఎక్కి పక్కన పడుకుని కథ వినే అలవాటు చేయండి. బిడ్డని ఒళ్లోకి ఎత్తి ఇచ్చే పని ఇంకొకరిది.

ఇక ఊరికి దూరంగా, బెంగళూరు పీజీలోనో డాలస్ అపార్ట్‌మెంట్‌లోనో ఒంటరిగా ఉన్నవాళ్లకి ఫోన్ కాల్సే పెద్ద దిక్కు. వాటిని మంచం మీద ఖర్చు చేయకండి. మాట్లాడాల్సినవాళ్లందరినీ నడక వేళకి దాచుకోండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గదిలోనే అటూ ఇటూ తిరగండి. అమ్మతో ఒక కాల్ మాట్లాడేసరికి డాక్టరు చెప్పిన నడక పూర్తవుతుంది. రాత్రి నొప్పితో మెలకువ వస్తే కూడా మాట్లాడేవాళ్లు దొరుకుతారు. హైదరాబాద్‌లో తెల్లవారుజామున రెండయినప్పుడు, ఎండాకాలంలో న్యూజెర్సీలో సాయంత్రం నాలుగున్నరే, అక్కడి అన్నయ్యో అక్కో ఆఫీసు నుంచి బయటపడే వేళ. ఫోను ఛార్జింగ్ మాత్రం నేల దగ్గరి ప్లగ్గులో పెట్టొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి తెప్పించి మంచం పక్క స్టూలు మీద పెట్టుకోండి.